టెన్నిస్ ఎల్బో: కుటుంబ వైద్యుని గదిలో మొదటి రోజు నుంచి ఏడాది వరకు

మోచేయి వెలుపలి వైపు ఒక్క వేలితో తాకి చూపిస్తూ, "ఇక్కడే, డాక్టరుగారూ, నీళ్ల గ్లాసు ఎత్తినా జివ్వుమంటోంది" అని చెప్పే రోగులు కుటుంబ వైద్యుల దగ్గరకు ఏడాది పొడవునా వస్తూనే ఉంటారు. వారిలో ఎక్కువ మంది 35 నుంచి 55 ఏళ్ల మధ్య వయసువారు. నొప్పి సాధారణంగా పని ఎక్కువగా చేసే చేతికే వస్తుంది, ఆడవారిలోనూ మగవారిలోనూ దాదాపు సమానంగా కనిపిస్తుంది. ఏ సమయంలో లెక్క తీసినా పెద్దవారిలో నూటికి ఒకరి నుంచి ముగ్గురి దాకా ఈ బాధతో ఉంటారని అంచనా. ఇది ప్రాణం తీసే జబ్బు కాదు, చాలామందికి ఏడాది లోపల తగ్గిపోతుంది. అయినా ఆ ఏడాది పాటు జుట్టు దువ్వుకోవడం, తలుపు గడియ తిప్పడం, బట్టలు పిండడం వంటి పనులన్నీ నొప్పితోనే చేయాలి కాబట్టి రోగికి ఇది చిన్న బాధ కాదు. దీన్ని సరిగా చూడడానికి పెద్ద ఆసుపత్రి గానీ ఖరీదైన యంత్రాలు గానీ అవసరం లేదు. కావలసినవి రెండు: రోగి చేతిని ఓపికగా పరీక్షించడం, జబ్బు సాగే తీరును ముందుగానే రోగికి స్పష్టంగా చెప్పడం. ఈ రెండూ జరగనప్పుడే అక్కరలేని ఇంజెక్షన్లు, స్కాన్లు మొదలవుతాయని ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను. అందుకే మొదటి సందర్శన నుంచి చివరి సందర్శన దాకా ఏం చేయాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందుగా తెలుసుకోవలసినది: లోపల జరుగుతున్నది ఏమిటి

1873లో రూంగే అనే జర్మన్ వైద్యుడు ఎక్కువగా రాసేవారి చేతినొప్పిని వర్ణిస్తూ దీని గురించి మొదటిసారి రాశాడు. 1882లో హెన్రీ మోరిస్ అనే శస్త్రవైద్యుడు లాన్ టెన్నిస్ ఆడేవారి చేతినొప్పి గురించి లాన్సెట్ పత్రికలో రాసిన తరువాత ఆట పేరు జబ్బుకు అంటుకుపోయింది. కానీ మన దగ్గరకు వచ్చేవారిలో చాలామంది జీవితంలో రాకెట్టు పట్టినవారు కారు. వడ్రంగులు, రంగులు వేసేవారు, ప్లంబర్లు, వంటపని చేసేవారు, రోజంతా మౌస్ పట్టుకుని కూర్చునేవారు, పసిబిడ్డను ఎత్తుకుని తిరిగే తల్లులు వస్తారు.

మణికట్టును వెనక్కి ఎత్తే కండరాల్లో చాలావరకు మోచేయి వెలుపలి ఎముక గుబ్బ దగ్గర ఒకే మొదలులో పుడతాయి. ఆ గుబ్బను వైద్యులు లేటరల్ ఎపికాండైల్ అంటారు. ఆ కండరాలలో ఎక్కువగా దెబ్బతినేది ఎక్స్‌టెన్సర్ కార్పి రేడియాలిస్ బ్రెవిస్ అనే కండరపు టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కట్టిపట్టే తాడు. పిడికిలి బిగించి ఏ వస్తువును పట్టుకున్నా మణికట్టు ముందుకు వంగిపోకుండా ఈ కండరమే నిలబెట్టాలి. అందుకే నొప్పి మోచేతి దగ్గర ఉన్నా, రోగి బాధ మాత్రం "పట్టు జారిపోతోంది" అనే మాటతోనే బయటపడుతుంది.

చాలాకాలం దీన్ని ఎపికాండిలైటిస్ అన్నారు. ఆ పేరులోని చివరి ముక్క అక్కడ వాపు లక్షణం ఉందని సూచిస్తుంది. శస్త్రచికిత్సలో తీసిన ముక్కలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించి 1979లో నిర్ష్‌ల్, పెట్రోన్ ప్రకటించిన పరిశీలనలోనూ, ఆ తరువాత జరిగిన పరిశీలనల్లోనూ వాపుకు గుర్తయిన కణాలు పెద్దగా కనబడలేదు. అక్కడ కనబడినవి టెండన్‌కు బలాన్నిచ్చే కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు చెల్లాచెదురై ఉండడం, కొత్తగా పుట్టిన సన్నని రక్తనాళాలు, అపరిపక్వమైన కణజాలం. మోయగలిగిన దానికంటే ఎక్కువ బరువు పదేపదే పడినప్పుడు, టెండన్ తనను తాను బాగుచేసుకోబోయి మధ్యలో ఆగిపోయిన స్థితి ఇది. అందుకే ఇప్పుడు లేటరల్ ఎల్బో టెండినోపతీ అనే పేరును ఇష్టపడుతున్నారు. ఈ పేరు మార్పును పుస్తకాలకు పరిమితమైన విషయంగా తీసుకోకూడదు. వాపే అసలు జబ్బు అనుకుంటే దాన్ని అణచే స్టెరాయిడ్ వైపు చెయ్యి వెళుతుంది. బాగుపడడం ఆగిపోయిన టెండన్ అనుకుంటే దాన్ని క్రమంగా బలపరచే వ్యాయామం వైపు ఆలోచన సాగుతుంది.

మొదటి మెట్టు: రోగి చెప్పేది వినడం

నొప్పి ఎప్పుడు మొదలైంది, దానికి ముందు రెండు మూడు వారాల్లో చేతితో చేసే పనిలో ఏం మారింది అని అడగాలి. ఇల్లు మారడం, గోడలకు రంగు వేయడం, తోటపని, కొత్త ఉద్యోగం, కొత్త వ్యాయామం, కొత్త కుర్చీ బల్ల వంటి మార్పు ఒకటి తరచుగా బయటపడుతుంది. రోగి దాన్ని నొప్పితో ముడిపెట్టుకుని ఉండకపోవచ్చు కాబట్టి మనమే తవ్వి తీయాలి. ఒక్కసారిగా కింద పడి గానీ దెబ్బ తగిలి గానీ మొదలైతే దారి వేరు.

ఏ పనికి నొప్పి పెరుగుతుందో రోగి మాటల్లోనే రాసుకోవడం మంచిది. అరచేయి కిందికి ఉంచి వస్తువు ఎత్తడం, కరచాలనం చేయడం, స్క్రూడ్రైవర్ తిప్పడం, సీసా మూత తీయడం వంటివి ఈ జబ్బుకు పెట్టింది పేరు. నొప్పి ముంజేయి వెంట మణికట్టు దాకా దిగవచ్చు, కానీ తిమ్మిర్లు, వేళ్లు మొద్దుబారడం ఈ జబ్బు లక్షణాలు కావు. అవి ఉన్నాయంటే మెడనూ నరాలనూ చూడాలి.

ఆపై ఏ చేయి ఎక్కువగా వాడతారు, వృత్తి ఏమిటి, పొగ తాగుతారా, షుగర్ వ్యాధి ఉందా, ఈ నొప్పికి ఇంతకుముందు ఇంజెక్షన్లు పడ్డాయా, పడితే ఎన్ని అని అడగాలి. ఈమధ్య సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌లు వాడారేమో కూడా కనుక్కోవాలి, ఎందుకంటే ఆ జాతి మందులు టెండన్లను దెబ్బతీయగలవు. చివరగా అడగవలసిన ప్రశ్నను చాలామంది వైద్యులు వదిలేస్తుంటారు: "ఈ నొప్పి వల్ల మీరు చేయలేకపోతున్న పని ఏమిటి? దేనికి భయపడుతున్నారు?" ఒకరు ఉద్యోగం పోతుందేమోనని బెంగపడతారు, మరొకరు చెయ్యి పడిపోతుందేమోనని భయపడతారు. చికిత్సలో ఏది ముందు రావాలో ఈ జవాబును బట్టే తేలుతుంది.

రెండవ మెట్టు: చేతిని పరీక్షించడం

రెండు చేతులూ భుజాల దాకా కనబడేలా చూడాలి. మోచేయి ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బి కనబడితే అది టెన్నిస్ ఎల్బో కాదు. మోచేయిని పూర్తిగా చాపించి, పూర్తిగా ముడిపించి, అరచేతిని పైకీ కిందికీ తిప్పించి చూడాలి. టెన్నిస్ ఎల్బోలో ఈ కదలికలు దాదాపు పూర్తిగానే ఉంటాయి. చెయ్యి మధ్యలో పట్టేసినా, పూర్తిగా చాపలేకపోయినా లోపలి కీలును అనుమానించాలి.

తరువాత బొటనవేలితో నొక్కి చూడాలి. ఎముక గుబ్బ మీద ఆగిపోకుండా అక్కడి నుంచి సుమారు ఒక సెంటీమీటరు కిందికి, కొంచెం ముందుకు జరిపితే, టెండన్ మొదలు దగ్గర రోగి ఉలిక్కిపడే చోటు దొరుకుతుంది. రోగి చూపించిన వేలూ, మీ బొటనవేలూ ఒకే చోట కలిస్తే రోగనిర్ణయం సగం అయినట్టే.

ఆ నొప్పిని కావాలని పుట్టించే పరీక్షలు మూడు ఉన్నాయి. కోజెన్ పరీక్షలో రోగి మోచేయి కొంచెం వంచి, అరచేయి కిందికి ఉంచి, పిడికిలి బిగించి మణికట్టును పైకెత్తుతారు. మీరు ఒక బొటనవేలిని గుబ్బ మీద ఉంచి, రెండో చేత్తో ఆ పిడికిలిని కిందికి నొక్కుతుంటే రోగి అడ్డుకోవాలి. గుబ్బ దగ్గర నొప్పి వస్తే పరీక్ష సానుకూలం, అంటే జబ్బు ఉందన్న సూచన. మాడ్స్‌లీ పరీక్షలో మోచేయి చాపి, అరచేయి కిందికి పెట్టించి, మధ్యవేలిని ఒక్కదాన్ని పైకెత్తమని చెప్పి దాన్ని నొక్కుతారు. దెబ్బతిన్న టెండన్ కింది కొస మధ్యవేలికి ఆధారమైన అరచేతి ఎముక మొదట్లో అతుక్కుని ఉంటుంది కాబట్టి, ఆ వేలి బరువు నేరుగా దాని మీదే పడుతుంది. మిల్స్ పరీక్షలో రోగి ఏమీ చేయనక్కరలేదు. అరచేయి కిందికి తిప్పి, మణికట్టును ముందుకు వంచి పట్టుకుని, మీరే మెల్లగా మోచేయిని చాపుతారు. మూడూ సానుకూలం కావాలన్న నియమం లేదు.

నేను ప్రతి రోగిలోనూ చూసేది మరొకటి ఉంది, నొప్పి లేకుండా పిడికిలి ఎంత బిగించగలరు అన్నది. పట్టును కొలిచే డైనమోమీటరు అందరి దగ్గరా ఉండదు. గడియారం ముల్లు ఉన్న బీపీ యంత్రం చాలు. దాని పట్టీని చుట్టగా చుట్టి, 20 మిల్లీమీటర్ల దాకా గాలి నింపి, రోగి చేతిలో పెట్టి, మోచేయి చాపి ఉంచి, నొప్పి మొదలయ్యే దాకా మాత్రమే పిండమనాలి. మొదట బాగున్న చేత్తో, తరువాత బాధ ఉన్న చేత్తో చేయించి ముల్లు ఎంతవరకు ఎక్కిందో రాసి పెట్టాలి. ఒక చేత్తో 140 దాటి, రెండో చేత్తో 60 దగ్గరే ఆగిపోయిందనుకోండి, ఆ తేడాను రోగి కూడా కళ్లారా చూస్తారు. ఆరు వారాల తరువాత అదే అంకె 90కి చేరితే, "ఏం తగ్గలేదండీ" అని మొదలుపెట్టిన రోగికి చూపించడానికి మన చేతిలో ఒక ఆధారం ఉంటుంది. సమయం ఉంటే పీఆర్‌టీఈఈ అనే పదిహేను ప్రశ్నల పత్రాన్ని కూడా నింపించవచ్చు. అందులో అయిదు ప్రశ్నలు నొప్పి గురించి, పది పనుల గురించి ఉంటాయి, మొత్తం మార్కులు సున్నా నుంచి నూరు దాకా వస్తాయి.

మూడవ మెట్టు: ఇది మరొకటి కాదని నిర్ధారించుకోవడం

మెడను అన్ని వైపులకూ తిప్పించకుండా టెన్నిస్ ఎల్బో అని రాయకూడదు. మెడలోని ఆరవ, ఏడవ నరపు వేళ్లు నలిగినప్పుడు నొప్పి మోచేయి వెలుపలి వైపుకూ ముంజేతికీ దిగుతుంది. మెడ తిప్పినప్పుడు నొప్పి మారడం, తిమ్మిర్లు, రిఫ్లెక్సులు (సుత్తితో తట్టినప్పుడు కండరం తనంతట తాను కదలడం) తగ్గడం దాన్ని పట్టిస్తాయి.

గుబ్బకు నాలుగైదు సెంటీమీటర్ల కింద, ముంజేతి కండరాల మధ్యలో నొక్కితే ఎక్కువ నొప్పి వచ్చి, గుబ్బ దగ్గర పెద్దగా లేకపోతే రేడియల్ నరం నలుగుతోందేమో ఆలోచించాలి. వేళ్లను పైకెత్తే బలం తగ్గితే ఆలస్యం చేయకుండా నిపుణుల దగ్గరకు పంపాలి. చెయ్యి చాచినప్పుడు కిర్రుమని శబ్దం, మధ్యమధ్య పట్టేయడం ఉంటే కీలు అరుగుదల గానీ లోపల ఊడిన చిన్న ముక్క గానీ కావచ్చు. పదిహేనేళ్ల లోపు పిల్లలకు, ముఖ్యంగా బంతి విసిరే ఆటలూ జిమ్నాస్టిక్సూ చేసేవారికి టెన్నిస్ ఎల్బో అరుదు. వారిలో ఎముక చివరి భాగం దెబ్బతినే ఆస్టియోకాండ్రైటిస్ డిసెకాన్స్‌ను ముందుగా తోసిపుచ్చాలి. కుర్చీ చేతుల మీద ఊని లేచేటప్పుడు మోచేయి జారిపోతున్నట్టు అనిపిస్తుందంటే, పాత దెబ్బ వల్ల గానీ పదేపదే పడిన ఇంజెక్షన్ల వల్ల గానీ కీలుబంధం సడలిందేమో చూడాలి. జ్వరంతో కీలు ఉబ్బితే చీము పట్టిన కీలు అన్న అనుమానంతో అదే రోజు ఆసుపత్రికి పంపాలి. ఇతర కీళ్లు కూడా ఉదయం పూట బిగుసుకుంటుంటే వాతపు జబ్బుల వైపు చూడాలి.

పరీక్షలు రాయాలా?

చాలావరకు వద్దు. రోగి చెప్పిన మాట, చేతి పరీక్ష సరిపోతాయి. దెబ్బ తగిలినప్పుడు, కీలు కదలిక తగ్గినప్పుడు, పట్టేస్తున్నప్పుడు, రోగి పిల్లవాడైనప్పుడు ఎక్స్‌రే తీయించాలి. రోగనిర్ణయం మీద అనుమానం ఉంటే గానీ, నెలల తరబడి తగ్గకపోతే గానీ అల్ట్రాసౌండ్ పనికివస్తుంది. నొప్పి ఏమాత్రం లేనివారి మోచేతుల్లో కూడా స్కాన్లలో మార్పులు కనబడవచ్చు. "పాక్షికంగా చిరిగింది" అన్న ఒక్క మాటను నివేదికలో చదివిన రోగి చెయ్యి కదపడానికే భయపడతారు, ఆ భయం పోగొట్టడానికి తరువాత చాలా సమయం పడుతుంది.

నాలుగవ మెట్టు: రోగికి వివరించడం

ఈ మెట్టుకు అయిదు నిమిషాలు కేటాయించమని నేను ప్రతి యువ వైద్యుణ్ణీ కోరుతాను. ఔషధం కంటే ముందు రోగికి అందవలసింది ఇదే. నేను సాధారణంగా చెప్పే మాటలు ఇవి:

"మీ మోచేయి విరగలేదు, కీలు అరగలేదు. మణికట్టును ఎత్తే కండరపు తాడు ఎముకకు అతుక్కునే చోట అలసి, పోగులు చెదిరాయి. అది మళ్లీ కుదురుకుంటుంది, కానీ నెలలు పడుతుంది. మధ్యలో ఒక వారం బాగుండి, మరో వారం ఎక్కువ కావచ్చు, అది జబ్బు ముదిరిందని కాదు. చెయ్యి పూర్తిగా వాడకుండా పెట్టుకుంటే ఆ తాడు ఇంకా బలహీనమవుతుంది. నొప్పిని లెక్కచేయకుండా వాడితే కుదురుకోదు. ఈ రెండింటి మధ్య ఎంత వాడాలో మనం కలిసి నేర్చుకుందాం."

వైద్యుడికి ధైర్యం ఇచ్చే ఒక అధ్యయనాన్ని ఇక్కడ చెప్పాలి. నెదర్లాండ్స్‌లో కుటుంబ వైద్యుల దగ్గరకు వచ్చిన 185 మంది రోగులను మూడు గుంపులుగా విభజించి, ఒక గుంపుకు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, ఒక గుంపుకు ఫిజియోథెరపీ ఇచ్చి, మూడో గుంపుకు సలహా చెప్పి వేచి చూశారు. 2002లో లాన్సెట్‌లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఆరు వారాలకు ఇంజెక్షన్ గుంపులో 92 శాతం, ఫిజియోథెరపీ గుంపులో 47 శాతం, వేచి చూసిన గుంపులో 32 శాతం మంది బాగుపడ్డారు. ఏడాది గడిచేసరికి లెక్క తిరగబడింది: ఇంజెక్షన్ గుంపులో 69 శాతం, ఫిజియోథెరపీ గుంపులో 91 శాతం, వేచి చూసిన గుంపులో 83 శాతం. ప్రత్యేక చికిత్స ఏదీ లేకుండానే నూటికి 83 మంది ఏడాదిలో కోలుకున్నారన్న అంకెను రోగికి చెప్పడానికి వెనుకాడకూడదు. "ఏమీ చేయనక్కరలేదు, పొండి" అన్నట్టు వినబడకుండా మాత్రం జాగ్రత్తపడాలి. నొప్పిని నమ్మామని, తోడుగా ఉంటామని, మళ్లీ ఏ తేదీన చూస్తామో చెప్పి పంపాలి.

అయిదవ మెట్టు: చేతి మీద పడే బరువును సర్దుబాటు చేయడం

"విశ్రాంతి ఇవ్వండి" అన్న సలహా రోగికి ఎందుకూ పనికిరాదు. ఇల్లూ ఉద్యోగం ఉన్న మనిషి చేతికి విశ్రాంతి ఎలా ఇస్తారు? ఏ పని ఎలా మార్చాలో చేసి చూపించాలి. నా బల్ల మీద నీళ్లు నింపిన సీసా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మొదట అరచేయి కిందికి ఉంచి, చెయ్యి చాపి ఎత్తమంటాను. రోగి ముఖం చిట్లిస్తారు. తరువాత కుర్చీని దగ్గరకు లాక్కుని, మోచేయిని పక్కటెముకలకు ఆనించి, అరచేయి పైకి తిప్పి సీసా అడుగున పట్టుకుని ఎత్తమంటాను. అదే బరువు, చాలామందికి నొప్పి సగానికి సగం తగ్గుతుంది. ఎత్తే పని ఇప్పుడు మోచేయిని ముడిచే కండరాలకు మారింది, బాధ ఉన్న టెండన్ మీద భారం తగ్గింది. రోగి తన చేత్తో తాను తెలుసుకున్న ఈ సంగతిని మరచిపోరు.

అక్కడి నుంచి మిగతావి చెప్పడం తేలిక. బరువులు శరీరానికి దగ్గరగా, రెండు చేతులతో ఎత్తాలి. సన్నని పిడులకు గుడ్డ చుట్టి లావు చేస్తే పిడికిలి అంతగా బిగించనక్కరలేదు. బట్టలు పిండే బదులు నీరు కారేలా ఆరవేయవచ్చు. మౌస్‌ను భుజానికి సూటిగా, ముంజేయి బల్ల మీద ఆనేలా పెట్టుకోవాలి. ఒకే పనిని గంటసేపు చేయకుండా ఇరవై నిమిషాలకోసారి మార్చాలి. నిజంగా టెన్నిస్ ఆడేవారైతే బ్యాక్‌హ్యాండ్ కొట్టే తీరు, రాకెట్టు పిడి లావు, తీగల బిగువు గురించి కోచ్‌తో మాట్లాడమనాలి.

బరువైన పనులు చేసేవారికి పని నుంచి పూర్తిగా సెలవు కంటే, కొన్ని వారాలు తేలిక పని ఇవ్వమని కోరుతూ రాసే ధ్రువపత్రం ఎక్కువ ఉపయోగపడుతుంది. అందులో "బరువు ఎత్తరాదు" అని ఊరుకోకుండా, అరచేయి కిందికి ఉంచి ఎత్తే పని, స్క్రూలు తిప్పే పని, కంపించే యంత్రాలు పట్టుకునే పని తగ్గించాలని విడమరచి రాయాలి. పొగ మానేయమని చెప్పడానికి కూడా ఇది తగిన సందర్భమే, పొగ తాగేవారిలో ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది.

ఆరవ మెట్టు: నొప్పికి మందులు

ఇవి ఉపశమనానికే, టెండన్‌ను బాగుచేయడానికి కావు. నేను ముందుగా రాసేది పై పూతగా వాడే డైక్లోఫెనాక్ జెల్, రెండు నుంచి నాలుగు వారాల పాటు. చర్మం దద్దుర్లు వేస్తే ఆపాలి. నోటి ద్వారా ఇచ్చే ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ వంటివి కొద్ది రోజులకే పరిమితం చేయాలి. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవారికీ, రక్తం పలుచబడే మందులు వాడేవారికీ, గర్భిణులకూ వాటిని రాయకూడదు. పారాసెటమాల్ సురక్షితమే, కానీ ఈ నొప్పి మీద దాని ప్రభావం అంతంతమాత్రం. మంచుగడ్డను గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టుకుంటే కొందరికి హాయిగా ఉంటుంది.

ఏడవ మెట్టు: వ్యాయామం

వ్యాయామం కాగితం మీద రాసి ఇచ్చేస్తే రోగి చేయరు. గదిలో ఒకసారి చేయించి పంపాలి. ఫిజియోథెరపిస్టు అందుబాటులో ఉంటే పంపడం మంచిదే, లేకపోయినా కుటుంబ వైద్యుడు దీన్ని నేర్పగలడు.

నొప్పి తీవ్రంగా ఉన్న మొదటి ఒకటి రెండు వారాల్లో కదలిక లేని బిగింపుతో మొదలుపెడతాను. ముంజేయిని బల్ల మీద ఆనించి, చెయ్యి మాత్రం అంచు బయట ఉండేలా, అరచేయి కిందికి పెట్టించాలి. రెండో చేత్తో వెనుక వైపు నుంచి కిందికి నొక్కుతుంటే, బాధ ఉన్న చెయ్యి కదలకుండా అడ్డుకోవాలి. 30 నుంచి 45 సెకన్లు పట్టి ఉంచి వదలాలి, మధ్యలో ఒక నిమిషం ఆగుతూ అయిదుసార్లు చేయాలి.

అది తేలికయ్యాక బరువు చేరుస్తాం. అదే భంగిమలో అర కిలో బరువున్న డంబెల్ గానీ నీళ్ల సీసా గానీ పట్టుకుని, బాగున్న చేతి సాయంతో మణికట్టును పైకెత్తి, సాయం వదిలి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా కిందికి దించాలి. దించేటప్పుడు కండరం సాగుతూనే బరువు మోయడం ఇక్కడి అసలు కీలకం. పది నుంచి పదిహేనుసార్లు ఒక విడత, మధ్యలో విరామంతో మూడు విడతలు, రోజుకొకసారి లేదా రోజు విడిచి రోజు. మూడు విడతలూ సులువుగా అయిపోతుంటే కొద్దిగా బరువు పెంచాలి, పైకెత్తడానికి రెండో చేతి సాయం మానాలి. కొన్ని వారాలకు తువ్వాలు చుట్టను మెలిపెట్టడం, భుజం, రెక్క ఎముక చుట్టూ ఉన్న కండరాలకు వ్యాయామం కలపవచ్చు.

ఎంత నొప్పిని సహించవచ్చు అన్నది ప్రతి రోగీ అడుగుతారు, అడగకపోయినా చెప్పాలి. పదికి మూడు నాలుగు దాకా నొప్పి వస్తే ఫరవాలేదు, అది మరునాటి ఉదయానికి మామూలు స్థాయికి దిగిపోవాలి. దిగకపోతే బరువు తగ్గించాలి గానీ వ్యాయామం మానకూడదు. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టుదలగా చేయాలని మొదటి రోజే చెప్పాలి. రెండు వారాలకే ఫలితం ఆశించినవారు మూడో వారంలో మానేస్తారు.

మోచేతి పట్టీ గురించి క్లుప్తంగా చెబుతాను. గుబ్బ మీద కాకుండా దానికి రెండు మూడు వేళ్ల కింద, కండరం ఉబ్బుగా ఉన్నచోట కట్టాలి. పని చేసేటప్పుడు మాత్రమే వాడి, పడుకునేటప్పుడు తీసేయాలి. వేళ్లు తిమ్మిరెక్కితే వదులు చేయాలి. సాయపడితే వాడవచ్చు, పడకపోతే బలవంతం లేదు.

ఇంజెక్షన్ అడిగినప్పుడు

వృత్తిలోకి వచ్చిన తొలి ఏళ్లలో నేను ఈ నొప్పికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ధారాళంగా ఇచ్చాను. రోగి వారంలో తిరిగివచ్చి చేతులు పట్టుకుని కృతజ్ఞతలు చెప్పేవారు. మూడు నెలలకు అదే రోగి మునుపటి కంటే ఎక్కువ నొప్పితో వస్తే, బరువు పని చేసి ఉంటారని అనుకుని మరొకటి ఇచ్చేవాణ్ణి. అలా మూడు ఇంజెక్షన్లు పడిన ఒకరికి గుబ్బ మీద చర్మం తెల్లబడి, కింది కొవ్వు కరిగి గుంట పడింది, నొప్పి మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ మోచేయిని ఇప్పటికీ మరచిపోలేను.

ఆ తరువాత వచ్చిన అధ్యయనాలు ఆ అనుభవానికి కారణం చెప్పాయి. ఆస్ట్రేలియాలో 198 మందితో చేసి 2006లో ప్రకటించిన అధ్యయనంలో, ఇంజెక్షన్‌తో మొదట బాగుపడినవారిలో 72 శాతం మందికి నొప్పి తిరగబెట్టింది. అక్కడే 165 మందితో చేసి 2013లో ప్రకటించిన మరో అధ్యయనంలో కొందరికి స్టెరాయిడ్, కొందరికి మందు లేని ఇంజెక్షన్ ఇచ్చారు. ఏడాదికి పూర్తిగా గానీ చాలావరకు గానీ కోలుకున్నవారు స్టెరాయిడ్ గుంపులో 83 శాతం, మందు లేని గుంపులో 96 శాతం. తిరగబెట్టినవారు వరుసగా 54 శాతం, 12 శాతం. స్టెరాయిడ్ ఇస్తే, దానితోపాటు ఫిజియోథెరపీ చేయించినా ఆ నష్టం తీరలేదు.

కాబట్టి మామూలుగా ఇవ్వవద్దు. రోగి పట్టుబడితే ఈ అంకెలను తేలిక మాటల్లో ముందుంచాలి: "ఆరు వారాలు చాలా హాయిగా ఉంటుంది, కానీ ఏడాది తరువాత చూస్తే ఇంజెక్షన్ తీసుకోనివారి కంటే వెనకబడే అవకాశం ఉంది." ఇది విన్న తరువాత చాలామంది తామే వద్దంటారు. కొద్ది వారాల ఉపశమనం తప్పనిసరి అయిన అరుదైన పరిస్థితిలో, అన్నీ తెలిసి రోగి కోరుకుంటే ఒక్కసారి ఇవ్వవచ్చు. అప్పుడు చర్మం రంగు మారడం, గుంట పడడం, టెండన్ తెగే ప్రమాదం, ఇన్‌ఫెక్షన్ గురించి చెప్పాలి. షుగర్ ఉన్నవారికి కొన్ని రోజులు చక్కెర పెరుగుతుందని హెచ్చరించాలి. హాయిగా ఉందని బరువు పనుల్లోకి దూకవద్దని గట్టిగా చెప్పాలి. రెండోది, మూడోది ఇవ్వకూడదు.

రోగి సొంత రక్తం నుంచి తీసి ఎక్కించే పీఆర్‌పీ గురించి ఇప్పుడు తరచుగా అడుగుతున్నారు. ఎన్నో అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2021లో ప్రకటించిన సమీక్ష, అది నొప్పినీ పనితీరునూ చెప్పుకోదగినంతగా మెరుగుపరచదని తేల్చింది. నొప్పి ఉన్న చోటికి ధ్వని తరంగాలు పంపే షాక్‌వేవ్ చికిత్సకు కూడా ఆధారాలు బలంగా లేవు. ఇవి రోగి జేబుకు భారమయ్యే చికిత్సలు కాబట్టి, ఆ సంగతి చెప్పడం మన బాధ్యత.

ఎనిమిదవ మెట్టు: మళ్లీ చూడడం, అవసరమైతే పంపడం

ఆరు వారాలకు రమ్మని తేదీ రాసి ఇవ్వాలి. ఆ రోజు నొప్పి ఎలా ఉందని అడిగే ముందు, మొదటి రోజు చేయలేనని చెప్పిన పని ఇప్పుడు ఎంతవరకు చేయగలుగుతున్నారని అడగాలి, బీపీ పట్టీతో పట్టు మళ్లీ కొలవాలి, వ్యాయామం చేసి చూపించమనాలి. మణికట్టును గబుక్కున దించేయడం, ముంజేయిని బల్ల మీద ఆనించకపోవడం వంటి పొరపాట్లు ఇక్కడే దొరుకుతాయి, దిద్దితే చాలామంది ముందుకు సాగుతారు. ఆ తరువాత మూడు నెలలకు, ఆరు నెలలకు చూడాలి.

మూడు నెలలకు ఏ మార్పూ లేకపోతే రోగనిర్ణయాన్ని మొదటి నుంచి తిరగేయాలి. మెడను మళ్లీ పరీక్షించాలి, నరాన్ని మళ్లీ నొక్కి చూడాలి, పనిచేసే చోట నిజంగా ఏం మారిందో అడగాలి. నిద్ర పట్టకపోవడం, దిగులు, ఉద్యోగంలో ఒత్తిడి నొప్పిని నిలబెడతాయి కాబట్టి వాటినీ మొహమాటపడకుండా అడగాలి. ఫిజియోథెరపిస్టును ఇంకా కలవకపోతే ఇప్పుడు పంపాలి.

ఆరు నుంచి పన్నెండు నెలలు శ్రద్ధగా చేసినా పని చేసుకోలేని స్థితి ఉంటే ఆర్థోపెడిక్ సర్జన్ అభిప్రాయం తీసుకోవాలి. శస్త్రచికిత్స అవసరమయ్యేది కొద్దిమందికే. దాని మీద కూడా పెద్ద ఆశలు పెట్టించకూడదు, ఎందుకంటే చర్మాన్ని మాత్రమే కోసి కుట్టిన ఉత్తుత్తి శస్త్రచికిత్సతో పోల్చిచూసిన ఒక చిన్న అధ్యయనంలో అసలు శస్త్రచికిత్సకు అదనపు లాభం కనబడలేదు. పంపే ఉత్తరంలో నొప్పి ఎన్నాళ్లుగా ఉంది, ఏ చేయి, వృత్తి ఏమిటి, ఏ వ్యాయామం ఎన్ని వారాలు చేశారు, పట్టు కొలతలు మొదటి రోజు ఎంత, ఇప్పుడు ఎంత, ఇంతకుముందు ఎన్ని ఇంజెక్షన్లు ఏ నెలల్లో పడ్డాయి అన్నవి తప్పకుండా రాయాలి. ఇంజెక్షన్ల లెక్క రాయకపోతే, అక్కడ మొదటిసారి చూస్తున్నవారు మరొకటి వేసే అవకాశం ఉంది.